నాలుగు కళావర్ల మీద పాస్

ముందే చెప్పేస్తే మంచిది. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా ఇంట్లో నేను ఏం చెప్పినా ముప్పాతిక తీసేసి, మిగిలిన పావులో సగం నమ్ముతారు. జ్వరమొచ్చిందంటే తుమ్మి ఉంటాడులే అంటారు. కుక్క తరిమిందంటే అది తోక ఊపి ఉంటుంది అంటారు. పిల్లిని చూసి పులి అంటానని మా అక్క చిన్నప్పటినుంచీ వెక్కిరిస్తుంది. చంద్రపూర్‌లో, మా నోట చాందాలో, పిల్లిని పులి అనడం అతిశయోక్తి కాదు, ముందుజాగ్రత్త అని నా వాదన. కరెంటు ఫ్యాక్టరీ గోడ పక్కన పులులు షికారు చేసే ఊరు మాది. పులిని పిల్లి అనుకున్నవాళ్లు మళ్లీ వచ్చి వాదించలేదు.

కాబట్టి కింద రాసేదాంట్లో ఎండ, దుమ్ము, బస్సులు, రైళ్లు మీకు తోచినంత తగ్గించుకొని చదువుకోండి. అవి పెంచినవి. ఒక్కచోట మాత్రం పెంచలేదు, ఏకంగా కల్పించాను. అదెక్కడో చివర్న చెప్తాను. ముందే చెప్తే మీరు అక్కడిదాకా రారు.

నాది కూలర్ల కొట్టు. ఎండాకాలమంతా నేను ఈ ఊరికి దేవుణ్ని. తక్కిన ఏడాది తుప్పురేకుల డబ్బాల మధ్య కూర్చున్న మామూలు మనిషిని. మా బావ, అంటే మా అక్క మొగుడు, సాస్తి వైపు బొగ్గు గనిలో ఫోర్‌మాన్. గనివాళ్లకు ఒక క్లబ్బు ఉంది. రేకుల కప్పు, నాలుగు బల్లలు, గోడ మీద గడియారం. ఆ గడియారం ఆగిపోయి చాలా ఏళ్లైనా, ఆట మధ్యలో ఎవరు టైమెంత అని అడిగినా అదే చూసి చెప్పేవారు. ఆ క్లబ్బులోకి బయటివాళ్లను రానివ్వరు. నన్ను మాత్రం ఫోర్‌మాన్‌కు బామ్మర్దిగానూ, క్లబ్బు కూలరుకు వైద్యుడిగానూ రానిచ్చారు. అలా ఆదివారం మధ్యాహ్నాలు నేను, మా బావ ఎదురెదురుగా కూర్చొని ఇరవయ్యేళ్లు బ్రిడ్జి ఆడాం. బొగ్గు దుమ్ముకు కొత్త ముక్కల కట్ట రెండు నెలల్లో నల్లబడేది. ఆఠీను ఏదో ఇస్పేటు ఏదో తెలియక, ముక్కను నాలుకతో తడిపి చూసుకొని వేసిన రోజులున్నాయి.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. బ్రిడ్జిలో నలుగురు కూర్చుంటారు. ఎదురెదురుగా ఉన్న ఇద్దరు ఒక జట్టు. ముక్కలు పంచాక ముందు వేలం నడుస్తుంది. ఏ రంగును తురుపు చేసుకుంటాం, ఎన్ని పట్లు పట్టగలం అని వరసగా ఒకరి తర్వాత ఒకరు పాడాలి, లేదంటే పాస్ అనాలి. తలా ఒక ముక్క వేస్తే ఒక పట్టు, మొత్తం పదమూడు. పై పాట ఎవరిదైతే ఆ జట్టు పాడిన అంకెకు ఆరు కలిపి అన్ని పట్లు పట్టి చూపించాలి, నాలుగు పాడితే పది. కష్టమంతా ఒక్కటే. ఎదుటి పార్ట్‌నర్‌తో నా దగ్గర ఫలానా ముక్కలున్నాయని చెప్పకూడదు. కన్ను కొట్టకూడదు, దగ్గకూడదు, ముక్కు గోక్కోకూడదు. ఏం చెప్పుకున్నా పాటతోనే చెప్పుకోవాలి. మా అమ్మానాన్నలు కాపురమంతా ఇలాగే చేశారు, ముక్కలు లేకుండా.

కొన్ని పాటలు నిజంగా పాటలు కావు, ప్రశ్నలు. ఇస్పేటు తురుపని ఇద్దరం ఒప్పుకున్నాక నేను ఉన్నట్టుండి ‘నాలుగు కళావర్లు’ అన్నాననుకోండి. కళావరును తురుపు చేద్దామని కాదు. ‘కళావర్లో మనకు పోయేదేం లేదు, పెద్ద ఆటకు ఎగబాకుదామా, తక్కిన రంగుల్లో నీ దగ్గరేముంది?’ అని అడగడం. అడిగితే జవాబు చెప్పాలి. చెప్పడానికేమీ లేకపోతే వెనక్కి ఇస్పేటుకు తిరిగి రావాలి. పాస్ మాత్రం అనకూడదు. పాస్ అంటే వేలం అక్కడే ఆగిపోతుంది. ప్రశ్న అడిగినవాడు ఆ ప్రశ్ననే తురుపుగా పెట్టుకొని ఆడుకోవాలి. ఇల్లు కొందామా అని అడిగితే ఎదుటివాడు మెడపట్టి రోడ్డు మీదికి గెంటినట్టుంటుంది.

ఇరవయ్యేళ్లలో నా ప్రశ్న మీద మా బావ పాస్ అనలేదు. ఆయన ప్రశ్న మీద నేనూ అనలేదు. మర్చిపోవడమనేది మా బావ ఒంట్లో లేదు. నా పెళ్లిలో ఎవరు ఎన్ని జిలేబీలు తిన్నారో ఇప్పటికీ చెప్తాడు. తిన్నవాళ్లలో కొందరు పోయారు గానీ వాళ్ల జిలేబీలు మా బావ బుర్రలో ఇంకా వేడివేడిగా ఉన్నాయి.

ఇక కాకా గురించి చెప్పాలి. సర్వే డిపార్ట్‌మెంటులో రిటైరైన పెద్దమనిషి. కరీంనగర్ వైపు నుంచి వచ్చి, గని తవ్వకముందు ఆ నేల ఎలా ఉండేదో చూసినవాడు. తెలుగువాళ్లకూ మరాఠీవాళ్లకూ అందరికీ కాకాయే. ఆయన ఆడడం మానేసి తీర్పులు చెప్పడం పట్టుకున్నాడు. ఆట అయ్యాక ఆ రోజు బాగా చెడిన ఆటను బల్ల మీద మళ్లీ విప్పి పరుస్తారు. ఎవరి ముక్కలు వాళ్ల ముందు. చెడగొట్టుకున్న జంట లేచి నిలబడి ఎవరెవరు ఏం పాడారో, ఏమనుకొని పాడారో చెప్పాలి. కాకా కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి ముక్కలు చూస్తాడు. ఆ చూసేంతసేపు కూలరు కూడా ఊపిరి బిగబట్టేది. ఆ తర్వాత తప్పును పంచుతాడు. మొత్తం పదహారణాలు. నీకిన్ని, వాడికిన్ని. ఎక్కువ అణాలు పడినవాడు కెటిల్ పట్టుకొని అందరికీ చాయ్ పోయాలి.

కాకా తీర్పుకు రెండు కట్టుబాట్లు ఉండేవి. ఎనిమిది-ఎనిమిది వేయడు. పదహారు ఒక్కడికే వేయడు. ఒకసారి అతిథి జంటగా ఆడడానికొచ్చిన ఇద్దరిలో ఒక బ్యాంకు ఆఫీసరు నిలదీశాడు.

“తప్పంతా ఈయనదైతే నాకు మూడణాలు ఎందుకు కాకా?”

“ఈడు గిసుంటోడని ఎరికై గూడ ఎదురుంగ కూసున్నవ్ గద. గా మూడు గందుకు.”

ఆ పార్ట్‌నర్ కాలేజీ లెక్చరరు. చేతిలో ఏమీ లేకుండా ఆకాశం దాకా పాడేసిన మనిషి. తనకు పదమూడెందుకని ఆయనా గొణిగాడు.

“ముక్కలకు పాయింట్లు లెక్కవెట్టుమంటే ఆశకు లెక్కవెట్టినవ్ సారూ. కెటిల్ ఆడుంది.”

కాకా నమ్మకం ఒక్కటే. బ్రిడ్జిలో ఒక్కడే చేసిన తప్పంటూ ఉండదు. తప్పు చేయాలన్నా ఇద్దరు కావాలి. ఈ మాటకు నేను ఏళ్ల తరబడి తలాడించాను. నిజానికి మా బావకు, నాకు కలిసొచ్చిన మాట అది. నేను అడ్డగోలుగా ఎగబడి పాడినప్పుడు కూడా మా బావ లేచి, “నేనే సరిగ్గ చెప్పలే కాకా, మావోని తప్పేం లేదు” అని ఎక్కువ అణాలు మీదేసుకొని కెటిల్ అందుకునేవాడు. ఊగే పిడిని తువ్వాలుతో పట్టుకొని, ఒలకకుండా పోసి, నా దగ్గరికొచ్చేసరికి మాత్రం నాలుగు చుక్కలు ప్యాంటు మీద పోసేవాడు. అది మా బావ చెల్లు చేసుకునే పద్ధతి.

ఏటా క్లబ్బు ఒక జంటను నాగపూర్ పోటీకి పంపుతుంది. ఆ ఒక్క జంటా మేం కావాలని నాకెంత కోరికంటే, కొట్టు బోర్డు రాయించేటప్పుడు నా పేరు కింద ‘నాగపూర్ ఆడినవాడు’ అని రాయించుకోవడానికి జాగా వదిలించాను. పెయింటరు అక్కడ కూలరు బొమ్మ వేస్తానంటే వద్దన్నాను. కొన్నేళ్లు రెండో స్థానం, కొన్నేళ్లు మూడో స్థానం. జాగా ఖాళీగానే ఉంది.

కిందటేడు ఎండాకాలం మొదట్లో మా బావకు బదిలీ ఆర్డరు వచ్చింది. జిల్లా అవతల ఎక్కడో గని. రిటైర్మెంటు గుమ్మంలో ఉన్న మనిషి. బామ్ని దగ్గర సొంతిల్లు కట్టుకొని సున్నం ఇంకా ఆరలేదు. మా అక్కకు మోకాళ్లు లేవవు. లేచి నిలబడాలంటే ముందు ఇంటిల్లిపాదికీ కబురు పంపాలి. ఆ ఆర్డరు ఆగాలంటే గనికి కొత్తగా వచ్చిన మేనేజరు పైవాళ్లతో ఒక మాట చెప్పాలి. అందరూ ఆయన్ను సాబ్ అనేవారు. నాగపూర్ మనిషి. చెడ్డవాడైతే తిట్టుకొని ఊరుకునేవాళ్లం. చెడ్డవాడు కాదు, ఆటా చెడ్డది కాదు. సరిగ్గా మా అంత బాగా ఆడేవాడు. అదే ఇబ్బంది.

బదిలీ సంగతి విని నాకు బాధ కలిగింది. ఆ బాధలో ముప్పాతిక అక్క మోకాళ్ల కోసం. తక్కిన పావు నాగపూర్ కోసం. బావ వెళ్లిపోతే నాకు ఎదురుగా కూర్చునేదెవరు? కాబట్టి ఇదే ఆఖరి ఏడు అనుకున్నాను. బావతో కూడా అన్నాను.

“ఈసారన్న కొట్టాలె బావా. మళ్ల నువ్వేడనో నేనేడనో.”

“కొడ్దాంలే బామ్మర్దీ” అన్నాడు. అప్పటికి ఆ మాట నిజంగానే అన్నాడని ఇప్పటికీ అనుకుంటాను.

జంటల పోటీ చివరి ఆదివారం వచ్చేసరికి రెండు జంటలే మిగిలాయి. మేము, సాబ్‌తో ఆయన ఆఫీసు హెడ్‌క్లర్కు. ఆ క్లర్కు పాట పాడేముందు కూడా “యస్ సర్” అనేవాడు. ఆ రోజు ఎండ సంగతి చెప్పకూడదు గానీ చెప్తాను. గడ్‌చాందూర్ రోడ్డు మీద తారు కరిగి టైర్లకు అంటుకొని, బస్సులు వచ్చేటప్పుడు రోడ్డును కూడా వెంట తెచ్చేవి. ముక్కల్లో ఇస్పేటు రాజు కోటు గుండీలు విప్పుకొని కూర్చున్నాడు. నా కూలరు ఏనుగులా ఘీంకరిస్తూ నీళ్లు చిమ్ముతోంది. దాని ముందు కుర్చీ సాబ్‌కు వేశారు.

చివరి ఆట వచ్చింది. అప్పటికి మేమే కాస్త ముందున్నాం. వచ్చిన ముక్కలతో ఒళ్లు దగ్గర పెట్టుకొని ఆడితే నాగపూర్ మాది. ముక్కలు తీసి చూశాను. ఆరు ఇస్పేట్లు, పెద్దవి. కళావరు ఒక్కటి కూడా లేదు. ఇలాంటి చేయి మనిషికి ఏలిననాటి శని విడిచిపోతూ బహుమతిగా ఇచ్చి వెళ్తుంది.

“ఒక ఇస్పేటు” అన్నాను.

నా ఎడమ పక్క సాబ్ పాస్ అన్నాడు. ఎదురుగా బావ. ముక్కలు సర్దుకొని, బొటనవేలితో నుదురు రుద్దుకొని, “మూడు ఇస్పేట్లు” అన్నాడు. అంటే నీ ఇస్పేటు నాకు నచ్చింది, నా దగ్గర కూడా మంచి సరుకు ఉంది అని. క్లర్కు పాస్. ఇక నేను నాలుగు ఇస్పేట్లు పాడి, పది పట్లు పట్టేసి, చేతులు దులుపుకొని లేవచ్చు. కానీ నా ముక్కలు చూస్తే పన్నెండు పట్లు కనిపిస్తున్నాయి. అడిగితే తప్పేముంది? ఆయన దగ్గర ఏమీ లేకపోతే నాలుగు ఇస్పేట్లకు తిరిగొస్తాడు, అప్పుడూ గెలిచినట్టే.

“నాలుగు కళావర్లు” అన్నాను.

సాబ్ పాస్ అన్నాడు. బావ ముక్కల్లోకి చూశాడు. ఆ చూపు ఎంతసేపంటే ఈలోగా ఒక బొగ్గు రైలు బల్లార్షా నుంచి బయల్దేరి వార్ధా చేరి, ఖాళీ అయి వెనక్కొచ్చింది.

“పాస్” అన్నాడు.

క్లర్కు పాస్ అన్నాడు, వెంటనే. మళ్లీ ఎవరైనా మనసు మార్చుకుంటారేమోనని.

నేను సరిగ్గా వినలేదనుకున్నాను. కానీ సాబ్ అప్పటికే కళావరు ఆసు దించాడు. ఇప్పుడు నా పార్ట్‌నర్ తన ముక్కలన్నీ బల్ల మీద పరవాలి. తురుపు రంగు ముక్కలను తన కుడిచేతి వైపు పెట్టాలని రివాజు. పరధ్యానంలో పాస్ అన్నవాడైతే ఈపాటికి నాలుక కరుచుకోవాలి, లేదా అలవాటుకొద్దీ ఇస్పేట్లు ముందు పెట్టాలి. బావ ముందుగా కళావర్లు తీశాడు. రెండు, ఐదు, ఏడు. మూడు చిన్న ముక్కలు. వాటిని కుడివైపు, తురుపు చోట, వరసగా పెట్టాడు. ఆ తర్వాత తక్కినవి పరిచాడు. ఇస్పేటు రాజు. ఆఠీను ఆసు. డైమను ఆసు. నేను అడిగిన ప్రశ్నకు జవాబు అంతా అక్కడే ఉంది. నేను ఆయన ముఖం చూడలేదు, చేతులు చూశాను. అవి తడుముకోలేదు.

సాబ్ ఆసు మీద నేను ఒక డైమను పారేశాను. కళావర్లు తురుపని పాడినవాడి చేతిలో ఒక్క కళావరు కూడా లేదని బల్లకంతటికీ అప్పుడు తెలిసింది. సాబ్ కళ్లజోడు తీసి నా వైపు చూశాడు.

“యే క్యా హై భాయ్?”

క్లర్కు నవ్వు ఆపుకోలేక కర్చీఫు నోట్లో కుక్కుకున్నాడు. వెనక బల్లలవాళ్లు లేచి వచ్చారు. సాబ్ తన కళావర్లు ఒక్కొక్కటే దించుతుంటే, మా ఇద్దరి చేతుల్లో తక్కిన మూడు రంగుల ఆసులూ రాజులూ పెట్టుకొని నేను వరసగా పారేస్తూ పోయాను. పెళ్లి ఊరేగింపులో చిల్లర వెదజల్లినట్టు. ఎన్ని పట్లు పోయాయో చెప్పను, చెప్తే మీరు తగ్గించుకుంటారు. నాగపూర్ పోయింది. అది తగ్గించుకోవడానికి లేదు.

ఆట అయ్యాక సాబ్ నా భుజం తట్టాడు. “హోతా హై” అన్నాడు, ఇలా అవుతుంటుందని. బావకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. అందులో ఏ అర్థమూ లేదు. ఓడినవాళ్లకు ఇచ్చే షేక్‌హ్యాండే.

పంచాయితీ మొదలైంది. ఆటను విప్పి పరిచారు. మేమిద్దరం లేచి నిలబడ్డాం. కాకా కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి నన్ను అడిగాడు.

“నాలుగు కళావర్లు ఏమనుకొని పాడినవ్‌రా?”

“అడిగిన కాకా. ఏమున్నదని అడిగిన.”

“నువ్వేమనుకొని పాస్ అన్నవ్?” అని బావను అడిగాడు.

“నిజం కళావర్లే అనుకున్న కాకా. దిమాక్‌ల నుంచి పోయింది” అన్నాడు బావ. నేల చూస్తూ అనలేదు. ముక్కలు చూస్తూ అన్నాడు.

కాకా బావ ముక్కల మీదికి వంగి ఆ రెండు, ఐదు, ఏడు వైపు చూస్తూ ఉండిపోయాడు. తలెత్తి, “దీనికి అణాలు లేవ్” అన్నాడు.

“అణాలు లేకుండుడేంది కాకా?” అని ఎవరో వెనకనుంచి అరిచారు. “పదహారు ఏడ వోయినయ్?”

“తప్పైతే పంచుత. తప్పు గాని దాన్ని ఎట్ల పంచాలె?”

ముసలాయన మెత్తబడ్డాడు, పాపం బావాబామ్మర్దులు కదా అని వదిలేశాడు అనుకున్నారు అందరూ. కాకా తన చాయ్ తనే పోసుకున్నాడు. బావ చెవులు మాత్రం టమాటాల్లా ఎర్రబడ్డాయి. ఎండకనుకున్నాను.

రెండు వారాలకు అక్క ఫోన్ చేసింది. గొంతులో మోకాళ్ల నొప్పి లేదు.

“బదిలీ ఆగింది తమ్మీ. ఈడనే ఉంటం ఇగ.”

“మంచిదే గదనే. ఎప్పుడు తెల్సింది?”

“ఆర్డరు నిన్న వచ్చింది. గాని మీ బావకు ముందే ఎరికే. గా ఆఖరు ఆటకు పోతూనే అన్నడు, సామాన్లు గట్టకు, మనం యాడికి పోతలేం అని. నేను గప్పుడే మొక్కుకున్న.”

ఆఖరి ఆటకు పోతూనే. అంటే ముక్కలు పంచకముందు. నా కళావర్లు నేను పాడకముందు. నాకు ఏ చేయి వస్తుందో బ్రహ్మకు కూడా తెలియకముందే మా బావకు తాను ఏం అనబోతున్నాడో తెలుసు. ఏ పాట మీద అనాలో మాత్రమే తెలియదు. ఆ పాట నేను అందించాను.

ఆ వారమే బావ తన ఇంటి కూలరుకు గడ్డి మార్పించుకోవడానికి కొట్టుకొచ్చాడు. తలుపు ఊడదీసి, పాత గడ్డి తనే పీకుతూ కూర్చున్నాడు. పనివాళ్లకు చెప్తే వాళ్లు చేస్తారు. ఆయనకు చేతులు ఊరికే ఉండవు. నేను పక్కన స్టూలు వేసుకున్నాను.

“సామాన్లు గట్టొద్దని అక్కకు ముందే చెప్పినవట గద బావా. ఆటకు పోయే ముందు.”

ఆయన చేయి ఆగింది. మళ్లీ కదిలింది.

“మీ అక్కకు నోరాగదు.”

“పాస్ అని యాది మర్చి అన్నవా, యాదుండి అన్నవా?”

గడ్డి పీకుతున్నాడు. పీకడానికి గడ్డి అయిపోయింది, జాలీ తీగలు పీకుతున్నాడు.

“సాబ్ ఏమన్న అడిగిండా?”

“ఆయనేమడుగుతడు. పెద్దోళ్లు అడుగరు.”

“మరి?”

“ఆయనను ఓడగొట్టి తెల్లారి పోయి బదిలీ ఆపున్రి సాబ్ అని చేతులు గట్టుకొని నిలవడితే, ఎట్లుంటది బామ్మర్దీ? నువ్వే చెప్పు.”

ఎలా ఉంటుందో నాకూ తెలుసు. కానీ నాకు గుచ్చుకున్నది వేరే.

“నాతోని చెప్తే అయిపోవు గద. నేనే ఓడిపోయేటోణ్ని. నవ్వుకుంట ఓడిపోయేటోణ్ని.”

అప్పుడు మొదటిసారి నా వైపు చూశాడు.

“నీతోనా? చారాణా ముచ్చట చెప్తే బారాణా మసాలా వెడ్తవ్. పొద్దు గూకేవరకు చాందా అంత ఎరికైతుండె. సాబ్ చెవుల వడితే నాకేం గాదు. మీ అక్క గా మోకాళ్లేసుకొని యాడికి పోవాలె?”

ఇరవయ్యేళ్లు ఎదురెదురుగా కూర్చొని, కన్ను కొట్టకుండా, దగ్గకుండా, ముక్కలతోనే ఒకరి మనసు ఒకరికి చెప్పుకున్నాం. నోటితో చెప్పవలసి వచ్చేసరికి నేను నమ్మదగిన మనిషిని కాకపోయాను. ఆయన లెక్క తప్పని కూడా అనలేను. ఆయన జిలేబీల లెక్కే తప్పలేదు, నా నోటి లెక్క తప్పుతుందా?

కొత్త గడ్డి బిగించాను. గడ్డి వాసన పోయేదాకా రెండు రోజులు ఇంటి తలుపులు తీసి ఉంచమని చెప్పాను. సరే అన్నాడు.

మీరు అడుగుతారు, ఆ తర్వాత ఆట మానేశారా అని. మానేస్తే అక్క ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్తే ఆమె మొక్కు చెడుతుంది. కాబట్టి ఇప్పటికీ ప్రతి ఆదివారం ఎదురెదురుగా కూర్చుంటాం. బావ ఇక్కడే ఉన్నాడు, బదిలీ లేదు. నాగపూర్‌కు ఇంకా చాలాసార్లు పోటీపడవచ్చు. పోటీపడతాం కూడా, కానీ నేను ఇప్పుడు ప్రశ్నలు పాడను. చేతిలో ఆరు ఇస్పేట్లుంటే నాలుగు ఇస్పేట్లని పాడి ఊరుకుంటాను. పన్నెండు పట్లు కనిపిస్తున్నా పదే పాడి, పన్నెండూ పట్టి, తక్కువ మార్కులు రాసుకుంటాను. ఆయనా అడగడు. అడిగితే జవాబు చెప్పాలి కదా. మొన్న కాకా అన్నాడు.

“ఏందిరా, మీ ఇద్దరి ఆట సప్పగైంది. తప్పులే జేస్తలేరు.”

నిజమే. అప్పటినుంచి మాకు అణాలు పడలేదు. ఒకరినొకరు ఏమీ అడగని ఇద్దరు తప్పు చేయడం చాలా కష్టం. కొట్టు బోర్డు మీద నా పేరు కింది జాగాలో పెయింటరును పిలిచి కూలరు బొమ్మ వేయించాను. బాగా వచ్చింది. ఏనుగంత ఉంది.

ఇదంతా రాస్తున్నానంటే బావ మాట నిజమైనట్టే. చారాణా ముచ్చటే, బారాణా మసాలా. ఒక ధైర్యం ఏమిటంటే, మా బావ ఇక్కడి మరాఠీ బడిలో చదివాడు. తెలుగు ధారాళంగా మాట్లాడతాడు, తిడతాడు, చదవడం మాత్రం రాదు. క్లబ్బులో ఎవరికీ రాదు, కాకా చదివింది కూడా ఉర్దూలోనే. నన్నొక్కణ్నే చిన్నప్పుడు మంచిర్యాల హాస్టల్లో పడేశారు. అక్కడ నేర్చుకున్నవి రెండే, తెలుగు రాయడం, లేనిది చెప్పి హాస్టల్ వార్డెన్ నుంచి తప్పించుకోవడం.

ఇక కల్పించింది ఏదో చెప్పాలి. రైలు వార్ధా వెళ్లి రాలేదని, తారురోడ్డు బస్సు వెంట రాలేదని మీకు తెలుసు. అవి పెంచినవి. బావ పాస్ అన్నది నిజం. రెండు, ఐదు, ఏడు నిజం. అక్క ఫోను, కొట్టులో బావ చూసిన చూపు నిజం. కల్పించింది కాకా తీర్పు. ‘దీనికి అణాలు లేవ్’ అని కాకా అనలేదు. అని ఉంటే బాగుండేదని ఏడాదిగా అనుకుంటూ అనుకుంటూ, చివరికి నేనే అనిపించాను. ఆయనకు ఏమీ కనిపించలేదు. ఇప్పటికీ తెలియదు. బావ చెవులు ఎర్రబడటం కూడా ఆ తీర్పుతో పాటు నేను పెట్టిందే.

ఆ రోజు కాకా ముక్కలు చూసి, ఎప్పటిలాగే పంచాడు. పది నాకు, ఆరు బావకు.

“నాకెందుకు పది కాకా?” అన్నాను.

“ఇరవయ్యేండ్లు ఎదురుంగ కూసున్నవ్. గీడ వీడు పాస్ అంటడని నీకు ఎరికలేకపాయె. మరి గది ఎవని తప్పు?”

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వి కెటిల్ అందుకున్నాను. ఊగే పిడిని తువ్వాలుతో పట్టుకొని సాబ్‌కు, క్లర్కుకు, కాకాకు, వరసగా పోసుకుంటూ బావ దగ్గరికొచ్చాను. ఆయన ప్యాంటు మీద ఒక్క చుక్క కూడా పోయలేదు. ఆయన ఒక గుక్క తాగి, “చక్కెర తక్కువైంది బామ్మర్దీ” అన్నాడు.

డబ్బా తెచ్చి ఇంకో చెంచా వేశాను. ఇది పెంచింది కాదు. ఒక్క చెంచాయే.